పద్య మెవరిది?

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో ప్రత్తితీతలు ముగిసి, మిరపకాయలు కల్లములకు చేరిన పిమ్మట గ్రామములలో తిరునాళ్ల సందడి మొదలగును. ఆ సందడిలో పౌరాణిక నాటకమునకు గొప్ప స్థానము గలదు. పందిరి ముందు గోనెపట్టాలపై కూర్చుండి పిల్లలు, పెద్దలు తెల్లవారుదాక నాటకము చూతురు. హరిశ్చంద్ర నాటకమైనచో, నడుమ కునుకు తీసినవారు సైతము కాటిసీను వేళకు మేల్కొందురు. కాటికాపరియైన హరిశ్చంద్రుడు భుజమున కఱ్ఱతో రంగమున నిలిచి, హార్మోనియము శ్రుతిలో శ్మశానమును గూర్చిన పద్యముల నెత్తుకొనును. ‘వన్స్‌మోర్’ అను కేకలు చెలరేగును.

ఆ పద్యము లెవరివని అడిగినచో, పెక్కుమంది ‘బలిజేపల్లి వారివి’ అందురు. ఆ సమాధానమున సగమే సత్యము.

నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంతము గారిదే. వారు 1881లో బాపట్ల ప్రాంతమందలి ఇటికంపాడులో జన్మించిరి. 1912లో ‘సత్యహరిశ్చంద్రీయము’ రచించిరి. కాని కాటిసీనులో నటులు పాడు పద్యములలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినవి కొన్ని గుఱ్ఱము జాషువ గారివి. అవి ‘శ్మశానవాటి’ యను వారి ఖండిక లోనివి.

జాషువ గారు 1895లో వినుకొండలో జన్మించిరి. అంటరానితనము వలన బాల్యము నుండియు అవమానముల ననుభవించిరి. ఆ బాధయే ‘గబ్బిలము’ వంటి కావ్యమునకు ప్రాణమైనది. 1964లో వారికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. మృత్యువు ముందు రాజని, పేదయని, అధికుడని, అల్పుడని భేదము లేదను భావము ‘శ్మశానవాటి’లో కానవచ్చును. ఆ ఖండిక నాటకమునకై వ్రాసినది కాదు. అందలి భావము హరిశ్చంద్రుని దుఃఖమునకు చక్కగా పొసగుటచే నటులు దానిని రంగమున కెక్కించిరి. పద్యము ఊరూర మ్రోగినది. కవి పేరు మాత్రము పద్యమంత దూరము పోలేదు.

‘పద్యము నలుగురి నోట నిలిచిన చాలదా? పేరుతో పని యేమి?’ అని కొందఱనవచ్చును. ఒక రైతు తన మిరపబస్తాలను గుంటూరు యార్డునకు తెచ్చెననుకొందము. వానికి మఱియొకని పేర చీటి వ్రాసినచో ఆ రైతు ఊరకుండునా? కవికిని తన పద్యము అట్టి పంటయే. అయితే ఒక భేదము గలదు. బస్తాను ఎత్తుకొనిపోయినచో ఆ చోటు ఖాళీయగును; పద్యమును తీసికొన్నను అది కవి పుస్తకమున అట్లే యుండును. కావుననే ఈ నష్టము కంటికి కనబడదు. కంటికి కనబడని ఈ సొత్తును కాపాడుటకే గ్రంథస్వామ్యపు చట్టము, అనగా కాపీరైటు చట్టము, ఏర్పడినది.

మన దేశమున ఈ చట్టము 1957లో చేయబడి, 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. హరిశ్చంద్రుని కథ పురాణములది. దానిని ఎవరైనను నాటకముగా వ్రాయవచ్చును. భావమునకు, ఇతివృత్తమునకు, పురాణగాథకు స్వామ్యము లేదనియు, కవి దానిని పలికిన తీరునకే స్వామ్యము గలదనియు 1978లో సుప్రీంకోర్టు ఒక నాటకమునకును చలనచిత్రమునకును సంబంధించిన వివాదమున స్పష్టము చేసినది. రచన పూర్తియైన క్షణముననే ఈ హక్కు పుట్టును. ఎచ్చటను నమోదు చేయించుకొననక్కఱలేదు.

తొలుత ఈ హక్కు రచయిత మరణించిన పిదప 50 సంవత్సరములుండెడిది. 1941లో మరణించిన రవీంద్రనాథ ఠాకూరు రచనల గడువు తీఱు తరుణమున దేశమున చర్చ జరిగి, 1992లో అది 60 సంవత్సరములకు పెంచబడినది. ఆ లెక్కను మరణించిన మఱుసటి సంవత్సరారంభము నుండి వేయుదురు. బలిజేపల్లి వారు 1953లో కీర్తిశేషులైరి. వారి నాటకముపై స్వామ్యము 2013తో ముగిసినది. జాషువ గారు 1971లో కీర్తిశేషులైరి. వారి పద్యములపై స్వామ్యము 2031 చివరి వఱకు నుండును. ఒకే రాత్రి, ఒకే రంగమున, ఒకే నటుని నోట వెలువడు పద్యములలో కొన్ని అందఱి సొత్తు. కొన్ని ఇంకను ఒకరి సొత్తు!

అట్లని చట్టము గ్రామముల వేడుకలను అడ్డగింపదు. ఔత్సాహిక సమాజము వారు రుసుము లేకుండ ఆడినను, ధార్మిక సంస్థ మేలు కొఱకు ఆడినను అనుమతి పొందనక్కఱలేదు. టిక్కెట్లు పెట్టి ఆడు వృత్తి సమాజములకును, పద్యములను ముద్రించి అమ్ము వారికిని ఈ మినహాయింపు లేదు.

ధనముతో ముడిపడని హక్కు మఱియొకటి గలదు. రచయిత తన స్వామ్యమును పూర్తిగా అమ్ముకొన్నను, ‘ఈ రచన నాది’ అని చెప్పుకొను హక్కు అతనిని విడిచిపోదు. తన కీర్తికి భంగము కలుగునట్లు రచనను వికృతము చేసినచో అడ్డగించు హక్కును అట్టిదే.

పాఠశాల పత్రికకు పద్యము వ్రాసిన బాలునకును, బొమ్మ గీసిన బాలికకును ఈ హక్కులన్నియు గలవు. తోటివాని వ్యాసమును తన పేర వ్రాసి యిచ్చిన విద్యార్థి మార్కులు పొందవచ్చును. కాని ఒకని శ్రమను ఊరు పేరు లేనిదిగా చేసినవాడగును.

కాటిసీనునకు ముందు, ‘ఇందలి పద్యములు కొన్ని జాషువ గారివి’ అని ప్రకటించుటకు అరనిమిషము చాలును. దానికి ఖర్చు లేదు. సత్యమునకై ఆలుబిడ్డల నమ్ముకొన్న రాజు కథను ఆడు రంగముపై ఈ చిన్న సత్యమును పలుకుట ఎవరికిని భారము కాజాలదు.