కాంప్లెక్స్ పక్కింటి పలక

ద్వారకా నగర్,
విశాఖపట్నం

చిరంజీవి సౌభాగ్యవతి చిట్టికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

చోడవరం అవతల మీ ఊళ్ళో కట్టుకున్న ఇంటి గృహప్రవేశం ఫోటోలు మీ పెదనాన్నకి చూపించాను. అరుగు వెడల్పుగా కట్టించారని మెచ్చుకున్నారు. నువ్వు మొన్న ఫోన్లో అన్న మాట కూడా చెప్పాను: "నెలకి నాలుగు ఆదివారాలూ చుట్టాలే పెద్దమ్మా, సోమవారం లేచేసరికి ఒళ్ళు హూనం." ఆయన నవ్వేసి, "ఆ పిల్లకి పలక సంగతి రాయి" అన్నారు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలోనే "అలాగే, అలాగే" అనేస్తావు. అందుకే కాగితం తీశాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1979లో. మా మామగారు పోర్టులో గుమాస్తా. ఆర్టీసీ కాంప్లెక్స్ వచ్చాక మా గుమ్మం నుంచి దానికి అయిదు నిమిషాల నడక. బస్టాండు పక్కన ఇల్లంటే నీకు తెలీదు. బస్సు తప్పినవాడూ మా చుట్టమే, బస్సుకి రెండు గంటలు ముందొచ్చినవాడూ మా చుట్టమే. కేజీహెచ్‌లో చూపించుకోడానికి వచ్చేవాళ్ళు, యూనివర్సిటీలో సీటు కోసం వచ్చేవాళ్ళు, స్టీల్ ప్లాంటు ఇంటర్వ్యూలకి టెక్కలి నుంచీ పాలకొండ నుంచీ దిగేవాళ్ళు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు ప్లాంటుని జాతికి అంకితం చేశారు. మర్నాడు మామగారు పేపరు చేతిలో పట్టుకుని లెక్కేశారు, అక్కడ డ్యూటీ చేసేవాళ్ళలో మన చాప మీద పడుకున్నవాళ్ళు ఎంతమందా అని. తొమ్మిదిమంది తేలారు.

ఆ చాపల వెనక నా ఏడుపు ఉంది. పన్నెండుమందికి ఎసరు పెడితే ముగ్గురు తినేవాళ్ళు. మర్నాడు ముగ్గురికి వండితే పదిమంది చేతులు కడుక్కుని కూర్చునేవాళ్ళు. ఒకరోజు రాత్రి పదింటికి రెండోసారి పొయ్యి వెలిగిస్తూ నేను ముక్కు చీదడం మామగారి కంట పడింది. మర్నాడే బడి పలక ఒకటి కొనుక్కొచ్చి వంటింటి గుమ్మం పక్కన మేకుకి తగిలించారు. దానికి దారంతో బలపం కట్టారు. పొద్దున్న బయటికెళ్ళే ప్రతివాళ్ళూ రాత్రి అన్నానికి ఉంటే ఒక గీత గీసి వెళ్ళాలి. గీత లేకపోతే అన్నం లేదు. టెక్కలి నుంచి వచ్చిన ఆయన బావగారికి కోపం వచ్చింది, "చుట్టాల్ని పద్దు రాస్తారుటయ్యా?" అని. మామగారు చాలా మర్యాదగా, "బావగారూ, అంతలేసి ఓడ కూడా ముందు కబురు పెట్టే వస్తుంది. బెర్తు ఖాళీ లేకపోతే బయటే లంగరేసుకుని ఆగుతుంది. దాన్ని ఎవరూ అవమానమనరు" అన్నారు. బావగారు ఆ సాయంత్రం గీత గీశారు. కొంచెం గట్టిగా గీశారనుకో, బలపం విరిగింది.

కాబట్టి నువ్వు "ఎప్పుడైనా రండి" అనడం మానెయ్. ఆ మాట వినడానికి బావుంటుంది, వండటానికి కాదు. నెలకి రెండు ఆదివారాలు అనుకో. ఫలానా ఆదివారం రండి, ఇంతమందికే పడకలున్నాయి అని చెప్పు. రావాలనుకున్నవాళ్ళు వస్తారు. అత్తారి వైపైనా మన వైపైనా ఇదే లెక్క. మన వైపు వాళ్ళ దగ్గరే ముందు మొదలుపెట్టు, అప్పుడు నిన్నెవరూ వేలెత్తి చూపించలేరు.

"ఏం తెమ్మంటావు?" అని అడిగితే "ఏమీ వద్దు" అనకు. అంటే నాలుగు కిలోల స్వీట్లు తెస్తారు, చీమలకి పండగ. వైజాగ్ వాళ్ళయితే హార్బరులో వంజరం తీసుకుని, అక్కడే ముక్కలు కొట్టించి, ఐసులో పెట్టి తెమ్మను. కొట్టించకుండా తెస్తే పొద్దున్నంతా కుళాయి దగ్గర చేప కోసి కడిగేది నువ్వే. నీ వంతుకి బిర్యానీలు పెట్టుకోకు. అది వాళ్ళకి వీధి చివర దొరుకుతుంది. చోడి అంబలి, పనసపొట్టు కూర, కొత్త బెల్లం ముక్క పెట్టు. కందికాయలు ఓ బుట్టెడు మధ్యలో పెట్టేస్తే కబుర్లాడుతూ వాళ్ళే ఒలుస్తారు. చెరకు నరికే రోజుల్లో మాత్రం లోడు ట్రాక్టరు వెనక పడ్డారంటే చోడవరం దాటేసరికే ఒంటిగంట. వాళ్ళొచ్చేదాకా ఆకలితో కూర్చోకు, నువ్వు తినెయ్.

నీళ్ళ సంగతి ముందే చెప్పాలి, మొహమాటం లేకుండా. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మా ఇంట్లో పద్నాలుగుమందిమి. కరెంటు లేదు, మోటారు లేదు. మూడో రోజు మీ నాన్న స్కూటరుకి ముందూ వెనకా క్యాన్లు కట్టుకుని, కూలిన చెట్ల సందుల్లోంచి సబ్బవరం మీదుగా నీళ్ళు తెచ్చాడు. ఆ నీళ్ళతో ఒక పెద్దమనిషి నున్నగా గడ్డం గీసుకున్నాడు! ఆయన తప్పు కాదులే, ఏ క్యాను దేనికో నేను చెప్పలేదు. మీకూ బోరే గదా. శనివారం రాత్రే ట్యాంకూ డ్రమ్మూ నింపి, ఏవి దేనికో రాగానే చూపించు. ఇంకో జాగ్రత్త: చీకటిపడ్డాక చెరకుతోట వైపు టార్చి లేకుండా పిల్లల్ని అడుగు వెయ్యనివ్వకు.

ఇంక ఊరి మాట. "ఎవులొచ్చారమ్మా?" అని పక్కింటావిడ అడిగితే ఆరా తీస్తోందని విసుక్కోకు. వచ్చినవాళ్ళని తీసుకెళ్ళి, మా పెద్దమ్మ కూతురని, మావారి స్నేహితులని వరసలు చెప్పు. ఆవిడ గిన్నెతో ఏదైనా పంపితే ఖాళీ గిన్నె తిరిగి పంపకు, ఓ అరటిపండైనా వేసి పంపు. మీ చుట్టాలు బండి దారికడ్డంగా కారు పెట్టినా, పక్కవాళ్ళ జామకాయలు కోసినా, గట్టు మీద సీసాలు వదిలేసినా మాట పడేది వాళ్ళు కాదు. సాయంత్రానికి వాళ్ళు వెళ్ళిపోతారు, ఊళ్ళో మిగిలేది మీరు. నాట్లేస్తున్న ఆడవాళ్ళని అడక్కుండా ఫోన్లో ఫోటోలు తియ్యడం మరీ అన్యాయం. ఇక్కడ మాత్రం నువ్వు గట్టిగానే ఉండాలి.

అల్లుడుగారు వచ్చినవాళ్ళకి పొలం చూపిస్తానని తీసుకెళ్ళి మూడింటికి తిరిగొస్తారు, గిన్నెలు నీకు మిగుల్తాయి. నువ్వు చెప్పలేదు, నాకు తెలుసు. మీ పెదనాన్నా అంతే, తోవలోకి రావడానికి పదేళ్ళు పట్టింది. నువ్వు అన్నాళ్ళు ఆగకు.

ఇన్నేళ్ళు నేను ఎవరికేం వండి పెట్టానో ఒక్కళ్ళకీ గుర్తులేదు చిట్టీ. సింహాచలం గిరి ప్రదక్షిణకి ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్లు నడిచి కుంటుకుంటూ మా ఇంటికి చేరేవాళ్ళు. వంట మాట తర్వాత చూద్దామని, వేడినీళ్ళలో కల్లుప్పు వేసి బకెట్లు వరండాలో వరసగా పెట్టేదాన్ని. అందరూ పాదాలు ముంచి, కళ్ళు మూసుకుని, అరగంట ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనిపిస్తే ఆ బకెట్ల సంగతే ఎత్తుతారు. మీ అరుగు మీద కూడా చెంబుతో నీళ్ళూ తువ్వాలూ పెట్టి, వచ్చినవాళ్ళని కాసేపు వాళ్ళ మానాన వదిలెయ్. ఇల్లంతా తిప్పి చూపించడం తర్వాత.

మార్గశిర గురువారాలు అయ్యేదాకా నేను కదల్లేను, కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్ళాలి. పుష్యం మొదట్లో ఓ శనివారం వస్తాం, రెండు రాత్రులు ఉంటాం. ఏ శనివారమో నువ్వే చెప్పు. చోడవరం దాకా బస్సులో వస్తాం, అక్కడికి అల్లుడుగారిని పంపించు. పలక తెస్తున్నాను. చెక్క ఒక మూల ఊడితే మీ పెదనాన్న మేకు కొట్టారు. మా గీతలు రెండూ ఇక్కడే గీసేస్తాను. పెదనాన్నకి రాత్రిపూట అన్నం పడదు, రెండు పుల్కాలు చాలు.

పెద్దమ్మ