“ఎన్ని ఓట్లొచ్చినయ్?” – ఆస్కార్ సీజన్‌ని ఫాలో అవడం ఎట్లా?

2023 మార్చి 13, సోమవారం. అదే వారంలో ఇంటర్ సెకండియర్ పరీక్షలు. నేను మాత్రం తెల్లవారుజామున ఐదున్నరకే లేచి, ఫిజిక్స్ పుస్తకం అడ్డం పెట్టుకుని ఫోన్లో ఆస్కార్స్ చూస్తున్నాను. లాస్ ఏంజెలెస్‌లో అప్పటికి ఇంకా ఆదివారం సాయంత్రమే. ‘నాటు నాటు’ పేరు చదవగానే పుస్తకం ఎటు పోయిందో తెలీదు. కీరవాణి గారు మాట్లాడాల్సిన నాలుగు మాటలూ పాడేశారు. పక్కన చంద్రబోస్ గారు ‘నమస్తే’ అన్నారు.

కాసేపటికి తాత ఫోన్ చేసిండు. మా అమ్మమ్మగారి ఊరు చిట్యాల మండలం, భూపాలపల్లి జిల్లా. చంద్రబోస్ గారి చల్లగరిగ కూడా ఆ మండలమే.

“మన చల్లగరిగ పిలగాడు గెలిసిండట గద! ఎన్ని ఓట్లొచ్చినయ్?”

తాతకి గెలుపంటే ఓట్లే, సర్పంచ్ ఎలక్షన్ లెక్క. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన ఆగకుండా ఇంకోటి అడిగిండు: “అక్కడోళ్లకు మన మాటలు సమజైనయా మరి?” దానికీ జవాబు లేదు.

ఎనిమిదో తరగతి నుంచి ఆస్కార్ సీజన్ ఫాలో అవుతున్నా అని గొప్పలు చెప్పుకునేవాడిని. కానీ ఎవరు గెలిచారో తప్ప, ఎట్లా గెలుస్తారో తెలీదని ఆ రోజు తెలిసింది. ఆ రెండు ప్రశ్నలకి నేను వెతుక్కున్న జవాబులే ఈ వ్యాసం.

సీజన్ అంటే ఏంటి?

ఆస్కార్ ఒక్క రాత్రి పండగ కాదు. దాదాపు ఏడాది నడిచే ప్రాసెస్. మే నెలలో కాన్ ఫెస్టివల్‌తో మొదలవుతుంది. ఆగస్టు చివర్లో వెనిస్, సెప్టెంబర్‌లో టొరంటో. జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్, ఫిబ్రవరిలో బ్రిటన్ వాళ్ల బాఫ్టా, చాలా ఏళ్లలో మార్చిలో ఆస్కార్. ఉదాహరణకి కొరియా సినిమా ‘పారసైట్’ 2019 మేలో కాన్‌లో పెద్ద బహుమతి తీసుకుని, 2020 ఫిబ్రవరిలో ఆస్కార్ బెస్ట్ పిక్చర్ కొట్టింది. ఇంగ్లిష్ కాని సినిమాకి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

‘ఆర్ఆర్ఆర్’ దారి వేరు. ఫెస్టివల్స్ నుంచి కాదు, థియేటర్ల నుంచి వెళ్లింది. 2022 మార్చి 25న రిలీజ్. డిసెంబర్ 21న షార్ట్‌లిస్టులో పాట పేరు వచ్చింది. మన టైం ప్రకారం జనవరి 11న గోల్డెన్ గ్లోబ్. జనవరి 24న నామినేషన్. చివరి ఓటింగ్ మార్చి 2 నుంచి 7 దాకా.

రెండు గేట్లు

ఇక్కడ మనలో చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. ఇంటర్నేషనల్ ఫీచర్ ఫిల్మ్ అనే విభాగానికి ఒక్కో దేశం ఒక్క సినిమానే పంపాలి. మన దగ్గర ఆ సెలెక్షన్ ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా చేస్తుంది. ఆ ఏడాది వాళ్లు పంపింది ‘ఛెల్లో షో’ అనే గుజరాతీ సినిమా. అది 15 సినిమాల షార్ట్‌లిస్టు దాకా వెళ్లి ఆగింది.

రెండో గేటు జనరల్ విభాగాలది. అమెరికాలో అకాడమీ చెప్పిన నగరాల్లో ఏదో ఒకదాంట్లో సినిమా వరసగా ఏడు రోజులు థియేటర్లో ఆడి, మిగతా రూల్స్ కూడా పాటిస్తే ఏ దేశపు సినిమా అయినా పోటీ పడొచ్చు. ‘ఆర్ఆర్ఆర్’ ఈ గేట్లోంచి వెళ్లింది. దేశం పంపకపోయినా పాట గెలిచింది అందుకే. ఇంకో సంగతి, ఆ అవార్డు పాట రాసినవాళ్లకి, ట్యూన్ కట్టినవాళ్లకి. అంటే ప్రతిమ మీద హక్కు చంద్రబోస్, కీరవాణి గార్లదే.

ఓట్ల లెక్క

అకాడమీలో ఓటు హక్కున్న సభ్యులు ఆ ఏడాది తొమ్మిది వేలకు పైనే. పాటల విభాగంలో ముందు మ్యూజిక్ బ్రాంచ్ వాళ్లు మాత్రమే వడపోస్తారు. ఆ ఏడాది 81 పాటల్ని 15 చేశారు, 15ని 5 చేశారు. లేడీ గాగా, రిహానా పాటలు కూడా ఆ అయిదులో ఉన్నాయి. చివరి రౌండ్లో సభ్యులందరూ ఓటేస్తారు. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే విజేత. తాత సర్పంచ్ ఎలక్షన్ లాగానే.

బెస్ట్ పిక్చర్ ఒక్కదానికే లెక్క వేరు. దాంట్లో సభ్యులు సినిమాలకి 1, 2, 3 అని ర్యాంకులు ఇవ్వాలి. ఈ పద్ధతి మా హాస్టల్ గదిలో శనివారం సినిమాకి ట్రై చేశాం. 11 మందిమి, మూడు సినిమాలు.

మొదటి ఇష్టం లెక్కేస్తే ‘పారసైట్’కి 5, ఇరాన్ సినిమా ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’కి 4, జపాన్ సినిమా ‘షాప్‌లిఫ్టర్స్’కి 2. మామూలుగా అయితే ‘పారసైట్’ గెలిచినట్టే. కానీ ఎవరికీ సగం దాటలేదు. 11లో సగం దాటాలంటే 6 కావాలి. అందుకని అన్నిటికన్నా తక్కువొచ్చిన ‘షాప్‌లిఫ్టర్స్’ని తీసేశాం. ఆ రెండు చీటీల మీద రెండో ఇష్టం ఏంటో చూస్తే రెండింట్లోనూ ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ ఉంది. 4కి 2 కలిస్తే 6. అదే గెలిచింది.

కోడ్‌లో ఇది ఒక వైల్ లూప్. సగం దాటేదాకా ఆఖరిదాన్ని తీసేస్తూ, దాని ఓట్లని తర్వాతి ఇష్టానికి పంచుతూ పోవడమే. కొద్దిమందికి పిచ్చిగా నచ్చి, మిగతావాళ్లకి అస్సలు నచ్చని సినిమా ఈ పద్ధతిలో గెలవడం కష్టం. ఎక్కువమందికి రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో నచ్చినది నెగ్గుకొస్తుంది.

అయితే తాత అడిగిన నంబర్ మాత్రం దొరకదు. ఎవరికి ఎన్ని ఓట్లొచ్చాయో అకాడమీ బయటపెట్టదు. ఈ మాట చెప్తే తాత నమ్మలే. “లెక్క చెప్పని ఎలక్షన్ ఏం ఎలక్షన్ బిడ్డా” అన్నడు.

వాళ్లకి అర్థమైందా?

ఇంక రెండో ప్రశ్న. రూల్ ప్రకారం పాట ఆ సినిమా కోసమే రాసింది కావాలి, సాహిత్యం, ట్యూన్ రెండూ సినిమాలో స్పష్టంగా వినపడాలి. కానీ ఓటేసేవాళ్లకి ఆ భాష రావాలని ఎక్కడా లేదు. వాళ్లలో ఎక్కువమందికి తెలుగు రాదు. వాళ్లు బీట్ విన్నారు, ఇద్దరు హీరోల కాళ్లు చూశారు, కింద సబ్‌టైటిల్ చదివారు.

మరి నాకు అర్థమైందా? ఫస్టియర్లో పక్క రాష్ట్రం ఫ్రెండ్ “నాటు అంటే ఏంటి?” అని అడిగాడు. ‘లోకల్’ అన్నాను. ‘రా’ అన్నాను. ‘దేశీ’ అన్నాను. ఏదీ కుదరలేదు. సెలవుల్లో తాతని అడిగితే డెఫినిషన్ చెప్పలే. నాటుకోడి, నాటువైద్యం, నాటుసారా అని ఒక్కోటి చెప్పుకుంటూ పోయిండు. “వరి నాటు అనేది వేరే, అది నాటేసుడు” అని విడిగా చెప్పిండు. ఆ పాటలోని జొన్నరొట్టె, మిరప తొక్కు, మర్రిచెట్టు నీడ ఆయనకు సబ్‌టైటిల్ అక్కర్లేని సంగతులు. పదేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివిన నేను ఇరాన్ సినిమాలు, కొరియా సినిమాలు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తాను. నా సొంత మండలం పాటని కూడా సగం అట్లాగే విన్నానని అప్పుడు అర్థమైంది. కొంచెం సిగ్గేసింది.

తాత కోసం ఒక ఫైల్

అందుకే మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక పని మొదలుపెట్టాను. ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’కి తెలుగు సబ్‌టైటిల్స్. మజీద్ మజీదీ తీసిన ఈ సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన మొదటి ఇరాన్ సినిమా. గెలవలేదు. అన్న చేతిలో చెల్లి చెప్పులు పోతాయి. ఇంట్లో చెప్తే నాన్న దగ్గర డబ్బుల్లేవు. ఇద్దరూ ఒకే జత బూట్లు పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు వేసుకుని బడికి పరిగెత్తుతారు. ఇందులో అర్థం కానిది తాతకి ఏముంటుంది? అడ్డం భాష ఒక్కటే.

సబ్‌టైటిల్ ఫైల్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే. వరస నంబర్, మొదలయ్యే టైం, ముగిసే టైం, కింద మాట. తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనపడకుండా యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి. టెక్నికల్ పని అంతే. కష్టమంతా మాటల్లోనే. చెల్లి బూటు నీళ్లలో కొట్టుకుపోయే చోట నేను ‘డ్రైనేజ్’ అని రాశాను. తాత చదివి, “మోరి అంటే అయిపాయె గద” అన్నడు. నాకు ఆ మాట తెలుసు. చిన్నప్పుడు నా బంతి పడ్డది కూడా మోరీలోనే. రాసేటప్పుడు మాత్రం గుర్తురాలేదు.

ఇంకో ఇబ్బంది, తాత పేపర్ రోజూ చదువుతడు కానీ నెమ్మదిగా. పొడుగు వాక్యాలు పెడితే చదివేలోపు సీన్ మారిపోతుంది. ప్రతి వాక్యాన్నీ మళ్లీ కోసుకుంటూ వచ్చాను. సగం సినిమా అయింది.

మీరు మొదలుపెట్టాలంటే

గెలిచినవాటి జాబితా కన్నా డిసెంబర్‌లో వచ్చే 15 సినిమాల షార్ట్‌లిస్టు సేవ్ చేసుకోండి. దాంట్లోంచి నెలకి ఒకటి చూడండి. ‘నాటు నాటు’ గెలిచిన ఏడాదే ఇంటర్నేషనల్ విభాగంలో జర్మన్ సినిమా గెలిచింది. ఓడినవాటిలో ‘ది క్వైట్ గర్ల్’ ఉంది. ఐరిష్ భాషలో తీసిన సినిమాకి ఆ విభాగంలో నామినేషన్ రావడం అదే మొదటిసారి. సొంత దేశంలోనే ఇంగ్లిష్ కింద నలిగిన భాష అది. నాకు ఆ ఏడాది అన్నిటికన్నా గుర్తుండిపోయింది అదే.

ఇంకోటి. 2025లో అకాడమీ ఒక రూల్ తెచ్చింది: చివరి రౌండ్లో ఏ విభాగంలో ఓటేయాలన్నా ఆ విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలి. అంతకుముందు చాలా విభాగాల్లో ఆ షరతు లేదు. మనం కూడా అదే రూల్ పెట్టుకుందాం. చూడకుండా గెలుపోటముల మీద కొట్లాడొద్దు.

ఇరాన్ సినిమా క్లైమాక్స్‌లో పరుగు పందెం ఉంటుంది. మూడో బహుమతి బూట్ల జత. పిల్లాడికి కావాల్సింది ఆ మూడోదే. కానీ పొరపాటున ఫస్ట్ వస్తాడు, అందరూ ఎత్తుకుని ఫొటోలు తీస్తుంటే ఏడుస్తుంటాడు. ఆ సీన్ తాతకి నోటితో చెప్పాను. కాసేపు ఊకున్నడు. తర్వాత “మిగిలింది ఎప్పటికైతది?” అన్నడు.

మిడ్స్ అయ్యాక పూర్తి చేస్తానని చెప్పాను. క్లబ్‌లో ఎవరైనా చేయి వేస్తానంటే రండి. టైపింగ్ రాకపోయినా పర్లేదు, మాటలు వస్తే చాలు.