తండ్రి చేసిన తప్పు – తనయుని ధర్మము

ఎవరు చేసిన కర్మమును వారే అనుభవింపవలెనని శాస్త్రము. తండ్రి చేసిన హత్యకు కుమారుడు పాపి కాడు. అయినను తండ్రి వలన సంక్రమించిన ఆస్తిని, ఇంటిపేరును, ఊరిలోని పెద్దరికమును అనుభవించుచు, ఆయన చేసిన కీడుతో మాత్రము తనకు సంబంధము లేదనుట ధర్మమగునా? ఈ ప్రశ్నకు శ్రీమద్భాగవతమున సమాధానము గలదు.

హిరణ్యకశిపుడు లోకములను పీడించెను, కన్నకొడుకునే చంపింపజూచెను. అతని సంహారానంతరము నృసింహస్వామి వరము కోరుమనగా, తన హృదయమున కోరికలే మొలకెత్తకుండునట్లు అనుగ్రహింపుమని ప్రహ్లాదుడు వేడెను. పిమ్మట తండ్రిని గూర్చి విన్నవించెను. స్వామిని సోదరహంతకుడని భ్రమించి తండ్రి దూషించెననియు, భక్తుడైన తనకు ద్రోహము చేసెననియు చెప్పి, ఆ పాపమునుండి ఆయనను పవిత్రుని చేయుమని ప్రార్థించెను.

ఇందు గమనింపదగినది ఒకటున్నది. “మా తండ్రి తప్పు చేయలేదు” అని ప్రహ్లాదుడు దాచలేదు. “అతడు నాకు తండ్రి కాడు” అని త్రోసివేయనూ లేదు. తప్పును తప్పనియే పలికెను. తండ్రిని తండ్రిగానే తలచెను. 21 తరముల పితరులతో కూడ హిరణ్యకశిపుడు పవిత్రుడయ్యెనని స్వామి పలికి, తండ్రికి ఉత్తరక్రియలు జరిపి రాజ్యమేలుమని ఆజ్ఞాపించెను.

నవమ స్కంధమున మరియొక కథ. యాగాశ్వమును వెదకుచు పోయిన సగరపుత్రులు కపిలమహర్షిని దొంగయని నిందించి, ఆయనపైకి ఉరికి భస్మమైరి. సగరుని మనుమడు అంశుమంతుడు అచటికి పోయి, తనవారి బూడిదకుప్పను చూచియు మహర్షితో వాదింపలేదు, నమస్కరించి స్తుతించెను. మహర్షి అశ్వమునిచ్చి, గంగాజలమే వారిని తరింపజేయునని ఉపాయము చెప్పెను. అంశుమంతుడు, దిలీపుడు తపించియు గంగను తేజాలకపోయిరి, భగీరథుడు తెచ్చెను. ఒక తరము చేసిన అపరాధమును దిద్దుటకు మూడు తరములు శ్రమించెను.

ఈ ధర్మము మన సీమకు మిక్కిలి అవసరము. ప్రహ్లాదుని అవతారమని భక్తులు విశ్వసించు శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశము చేసిన మంత్రాలయమునకు, కర్నూలు నుండి యాత్రికులు గోనెగండ్ల, ఎమ్మిగనూరుల మీదుగా పోవుచుందురు. ఈ చుట్టుపట్లనే ముఠాకక్షలతో నెత్తురొలికిన పల్లెలున్నవి. దేవనకొండ మండలములోని కప్పట్రాళ్ల గ్రామపు కక్షలో 2008 మే నెలలో ఒక్క దాడియందే 11 మంది హతులైరి. 2014లో ఆదోని న్యాయస్థానము పలువురికి యావజ్జీవ శిక్ష విధించెను. అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు ఆకే రవికృష్ణ ఆ గ్రామమును దత్తత తీసుకొనిరి.

న్యాయస్థానము నేరము చేసినవానిని శిక్షింపగలదు. కాని వాని ఇంటిలోని మౌనమును తొలగింపజాలదు. కక్షలు నడచిన ఏ సీమలోనైనను, “తాత ఏమి చేసెను?” అని పిల్లవాడు అడిగినప్పుడు పెద్దలు మాట దాటవేసినచో, వాడు ఆ కథను వీధిలో వినును. వీధి దానిని శౌర్యగాథగా చెప్పును. పగ మరల మొలకెత్తుట అక్కడనే.

కావున అట్టి ఇంట పుట్టినవారు చేయదగినవి మూడు. మొదటిది, పిల్లలకు తెలివి వచ్చిన వయస్సున నిజము చెప్పుట. రెండవది, నష్టపోయిన కుటుంబము ఎదుట అంశుమంతునివలె వాదము లేక తలవంచుట. వారు క్షమింపవలెనని పట్టుపట్టరాదు. క్షమించుట, మానుట వారి ఇష్టము. మూడవది, అన్యాయముగా వచ్చిన పొలము గాని, మూసివేసిన దారి గాని ఉన్నచో తిరిగి ఇచ్చుట.

తద్దినమునాడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లను మనము ఉచ్చరింతుము. ఆ మూడు తరముల పుణ్యమునే తలచి, వారి వలన ఏడ్చినవారిని మరచుట పితృభక్తి కాదు. ప్రహ్లాదుని మార్గమున నడచువారిని శ్రీ లక్ష్మీనృసింహుడు అనుగ్రహించుగాక!