ఏపీ 15 పికప్‌ను తుక్కుకు వేయాల్సిందేనా?

ప్రశ్న: 2008లో కొన్న ఏపీ 15 నంబరు టాటా 207 పికప్ మాది. పదిహేనేళ్లు దాటింది కాబట్టి తుక్కుకు వేయక తప్పదంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: సొంత బండికి ఆ గండం లేదు. పదేళ్ల డీజిల్ బండ్ల గొడవ ఢిల్లీ పరిసరాలది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నిబంధన ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల వాహనాలకు వర్తిస్తుంది. పదిహేనేళ్లు నిండితే వాటి రిజిస్ట్రేషన్ చెల్లదు. ప్రభుత్వరంగ కంపెనీ పాత జీపును వేలంలో పాడుకుని రోడ్డెక్కిద్దామనుకునేవారు ఆ ఆశ వదులుకోవడమే మేలు.

ప్రైవేటు రవాణా బండికి పరీక్ష ఫిట్‌నెస్. ఎనిమిదేళ్లు దాటాక ఏటా చేయించాలి.

బొగ్గుబాయిల ప్రాంతంలో బండిని తినేది వయసు కన్నా దుమ్ము. ఛాసిస్ మూలల్లో పేరుకున్న బొగ్గుపొడి వానాకాలమంతా తడిని పట్టి ఉంచుతుంది. తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బండిని ఎత్తించి, కమాన్లు బిగించే చోట చిన్న సుత్తితో తట్టించండి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. మెత్తగా మోగి పెచ్చులు రాలితే అనుమానించాలి. అక్కడ పైపైన పట్టీ వెల్డింగ్ చేయించి సరిపెట్టడం ప్రమాదం.

నల్లపొగ వస్తోందని వెంటనే ఇంజన్ విప్పించొద్దు. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, దుమ్ముతో మూసుకుపోయినా అదే పొగ. ఇంజన్, బ్రేకులు, కమాన్లు బాగుచేసుకోవచ్చు. ఛాసిస్ కుళ్లితే మాత్రం ఖర్చు దండగే.

డబ్బు పెట్టేముందు ఆర్సీ, పన్ను, చలాన్ల బకాయిలు సరిచూసుకోండి. ఛాసిస్ నంబరు చదవడానికి వీలుగా ఉందో లేదో కూడా. చివరికి వదులుకోవాల్సి వస్తే గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త బండి పన్ను రాయితీకి అదే ఆధారం.