పెళుసు పొడులను గాలిచే నడుపు విధము

మిల్లునుండి వచ్చిన బియ్యములో నూక యెక్కువైనచో వెల తగ్గునని మన యిండ్లలోని చిన్నపిల్లలు సైతము ఎఱుగుదురు. తూకములో లోపమేమియు లేదు. గింజ విఱిగినది, అంతియే. పెద్ద యంత్రశాలలలో తయారగు పొడులలో గూడ నిట్టి పెళుసు జాతి యొకటి కలదు. పాలపొడి, నీట వెంటనే కరగు కాఫీపొడి, బట్టలుతుకు సబ్బుపొడి, టైర్ల రబ్బరులో కలుపు మసిగుళికలు ఆ జాతిలోనివే. వీనిని ఒకచోటినుండి మఱియొకచోటికి గొట్టములలో గాలిబలముచే నడుపుదురు. నూక గాకుండ నడుపుట యెట్లన్నదియే ఈ వ్యాసమునకు విషయము.

గాలిచే వస్తువులను మోయించుట క్రొత్త సంగతి గాదు. కళ్లములో తూర్పారబట్టునపుడు గాలి పొట్టును దూరముగా గొనిపోవును, గింజ కాళ్లయొద్దనే పడును. 19వ శతాబ్దపు చివర లండనునందలి మిల్‌వాల్ రేవులో ఇంజనీరుగా నుండిన ఫ్రెడరిక్ ఎలియట్ డక్‌హామ్ ఓడలలోని ధాన్యమును గాలి పీల్చు గొట్టములచే పైకి తీయు యంత్రములను నెలకొల్పెను. ధాన్యపుగింజ గట్టిది గనుక కొంత దెబ్బకు తాళును. పాలపొడి తాళదు. ఏల తాళదో తెలిసికొనుటకు దాని పుట్టుకను కొంచెము చూడవలెను.

పాలను కాచి, చిక్కబఱచి, వేడిగాలి నిండిన గదిలో సన్నని తుంపరలుగా చిమ్ముదురు. తుంపర క్రిందికి జాఱులోపల నీరు ఆవిరియైపోయి పొడి మిగులును. ద్రవములను తుంపరలుగా చిమ్మి యెండబెట్టు ఈ పద్ధతికి 1872లో శామ్యూల్ పెర్సీ అమెరికాలో పేటెంటు పొందెను. మన దేశమున గుజరాతులోని ఆనందులో 1955లో తెరువబడిన కర్మాగారము గేదెపాలనుండి పొడిచేయుటకు ప్రసిద్ధికెక్కినది. ఇట్లు వచ్చిన రేణువులు మిక్కిలి సన్ననివి. నీళ్లలో పోసినచో పిండివలె ఉండకట్టును. ఉండ పైపొర తడిసి జిగురై లోపలికి నీటిని పోనీయదు. అందుచే రేణువులకు కొంచెము తేమ తగిలించి, వానిని గుత్తులుగా నతికి, మఱల నారబెట్టుదురు. గుత్తిలోని సందులగుండ నీరు లోపలికి పాకును గనుక పొడి వెంటనే కరగును. ఆ సందులకే కొనువారు వెల యిచ్చుచున్నారని చెప్పినను తప్పులేదు. గొట్టములో గుత్తులు చెదరినచో పొడి అణగిపోయి, బరువు సరిగానున్నను డబ్బా వెలితిగా కనబడును. గ్లాసులో మఱల ఉండలు తేలును.

గాలిచే నడుపుటలో ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు. మొదటిదానిలో గాలి ఎక్కువ, పొడి తక్కువ. రేణువులన్నియు గాలిలో తేలుచు పోవును. ఇందులకు గాలివేగము సాధారణముగా సెకనుకు 15 మొదలు 30 మీటర్ల వఱకు ఉండవలెను. 30 మీటర్లనగా గంటకు 108 కిలోమీటర్లు. అట్టి గాలిని మన తీరవాసులు తుపానునాడు చూచియుందురు. రెండవదానిలో గాలి తక్కువ, పొడి ఎక్కువ. పొడి గొట్టమును నింపుచు, ముద్దలు ముద్దలుగానో, అడుగున పాఱు ప్రవాహముగానో, మెల్లగా జరుగును. వేగము తక్కువైనను దానిని త్రోయుటకు పీడనము ఎక్కువ కావలెను. వేగము రెట్టింపైన రేణువు తాకుడులోని శక్తి నాలుగింతలగును గనుక పెళుసు పొడికి రెండవ పద్ధతియే క్షేమము.

అయితే ప్రతి పొడియు మెల్లగా నడుచుటకు ఒప్పుకొనదు. 1973లో డెరెక్ గెల్డార్ట్ అను శాస్త్రజ్ఞుడు పొడులను రేణువుల పరిమాణమును, సాంద్రతను బట్టి నాలుగు తెగలుగా విభజించెను. గాలిని తనలో పట్టియుంచుకొను మెత్తని పొడి నీటివలె పాఱును. గాలిని తనగుండ సులభముగా పోనిచ్చు గుళికలు ముద్దలుగా జరుగును. రెండు గుణములును లేని పొడి గొట్టములో బిగిసికొనిపోవును. ఏ పొడి యేవిధమైనదో ముందుగా తెలియక గొట్టములు కొనుట డబ్బు వృథాచేయుటయే.

ఇక నా తప్పు నొకదానిని చెప్పెదను. ఉద్యోగమున చేరిన మొదటి యేట, రెండవ పద్ధతిచే పాలపొడిని నడుపు ఒక యంత్రశాలలో నుంటిని. ఒక రాత్రి గొట్టము రెండుమార్లు పూడుకొనిపోయెను. నేను ఆలోచింపక గాలి వాల్వును మఱికొంత తెఱచితిని. వారము దినములు గొట్టము పూడలేదు, అందఱును మెచ్చుకొనిరి. తరువాత డబ్బాలు వెలితిగా నున్నవని ఫిర్యాదులు రాసాగెను. అచటి వృద్ధుడైన మేస్త్రీ నన్ను గొట్టము వెంబడి నడిపించి, "అయ్యా, ఇక్కడ చెవియొగ్గి వినుడు" అనెను. మొదట పొడి తప్పుతప్పుమని ఆగియాగి పోవుచుండెను. చివరకు పోగా, ఇసుక రాలినట్లు ఏకధాటిగా రొద వినవచ్చెను. ఒకే గొట్టము, ఒకే గాలి; వేగములు మాత్రము రెండు!

దీనికి కారణము మన పాఠశాలలో వల్లించు బాయిల్ సూత్రమే. 1662లో ప్రకటింపబడిన ఆ సూత్రము ప్రకారము, ఉష్ణోగ్రత మాఱనంతవఱకు, పీడనము తగ్గినకొలది వాయువు ఘనపరిమాణము పెరుగును. గొట్టపు మొదట పీడనమాపకము 2 చూపుచున్నదనుకొందము. బయటి వాతావరణ పీడనము 1 కలుపగా నిజమైన పీడనము 3. (ఈ ఒకటిని కలుపుట మఱచి పరీక్షలో మార్కులు పోగొట్టుకొనువారు పెక్కుమంది.) చివర పీడనము 1 మాత్రమే. కాబట్టి మొదట సెకనుకు 5 మీటర్లుగా నున్న గాలి చివర 15 మీటర్లగును. తాకుడులోని శక్తి తొమ్మిదింతలు! నేను వాల్వు తెఱచి పెంచిన వేగము చివరకు మూడింతలై కూర్చుండినది.

మఱి గొట్టమును మొదటినుండియు వెడల్పుచేసిన? ఆ పొడికి కనీసవేగము 4 మీటర్లని, గొట్టపు వ్యాసము 100 మిల్లీమీటర్లని యనుకొందము. దానిని 150 చేసినచో వైశాల్యము 2.25 రెట్లగును, మొదటి వేగము 2.2 మీటర్లకు దిగును. పొడి అచటనే కూర్చుండును. కాబట్టి గొట్టమును నడుమనే వెడల్పు చేయవలెను. నిజపీడనము 2కు దిగినచోట వేగము 7.5 మీటర్లు. అచట 125 మిల్లీమీటర్ల గొట్టమును తగిలించిన వేగము 4.8కి తగ్గును, కనీసముకంటె ఇంకను అయిదవవంతు ఎక్కువే. చివర 9.6 మీటర్లే యగును. తాకుడు శక్తి ముందటిదానిలో సుమారు అయిదింట రెండు వంతులు. గొట్టము మార్చుటకైన వ్యయము తక్క మఱి ఖర్చులేదు.

గుత్తులు ముఖ్యముగా విఱుగుచోటు వంపు. రేణువు తిన్నగా పోవలెనని చూచును, గొట్టము తిరుగును. రేణువు వెలుపలి గోడకు కొట్టుకొనును. వంపులను తగ్గించుట మేలు. తప్పనిచో వేగము హెచ్చుగానుండు చివరిభాగమున పెట్టరాదు. పొడి ఇంకను నడక నేర్వని మొట్టమొదటి చోటను పెట్టరాదు. దగ్గఱిదారియని ఏటవాలుగా పైకెక్కించిన గొట్టములో పొడి వెనుకకు జాఱును. అడ్డముగను నిలువుగను పోవు గొట్టములే మంచివి. పాలపొడి గాలిలో కలిసి నిప్పురవ్వ తగిలిన ప్రేలును గనుక గొట్టములన్నిటిని తీగచే భూమికి కలుపవలెను. గాలి పొడిగను చల్లగను ఉండవలెను. లేనిచో పొడిలోని కొవ్వు వంపులవద్ద అంటుకొనును.

లెక్క యెంత బాగుగ కుదిరినను, గొట్టమును కొనకముందు అసలు పొడినే అట్టి వంపులున్న పరీక్షాగొట్టములో నడిపి, ముందును వెనుకను జల్లెడపట్టి తూచవలెను. ఒకమాఱు నడిపిన పొడినే మఱల నడిపి లెక్కించుట మోసము. బలహీనమైన గుత్తులు మొదటిమాఱే చెదరిపోయియుండును.

మా గొట్టము మొదట పూడుటకు కారణము తరువాత తెలిసినది. పీడనపాత్రమీది గాలి విడుచు వాల్వుయొక్క రబ్బరు అరిగి, కొంత గాలి గొట్టమునకు చేరకయే వెలుపలికి పోవుచుండెను. ఆ రబ్బరును మార్చి, నేను తెఱచిన వాల్వును మఱల మునుపటి గీతకు త్రిప్పితిమి. కొన్ని నెలలకు చివరి భాగమున 125 గొట్టమును వేయించితిమి. జల్లెడ క్రింది మెత్తన తగ్గెను. గొట్టము చివర గడియారమువంటి పీడనమాపకము నొకటి బిగించితిమి గాని, మేస్త్రీ దానివంక చూడడు. ప్రతిదినము ఉదయమున వచ్చి గొట్టమునకు చెవియొగ్గి వినును.