వార్ధక్యమున దేహబలము: మాత్రలు, వ్యాయామము

బిలాసపురము రైలు పట్టణము. పూర్వము బెంగాల్ నాగపూరు రైల్వేలో ముఖ్యమైన కూడలిగా నుండి, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమయ్యెను. రైల్వే కొలువులకై విశాఖ, శ్రీకాకుళ ప్రాంతములనుండి తరలివచ్చి అచట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. అట్టివారిలో ఒకరు అరువదవ యేట ఉద్యోగ విరమణ చేసి, కొలదినెలలకే నీరసము తోచగా, తెలిపారాలోని మందుల దుకాణమున బలమునకు మాత్ర లడిగెదరనుకొందము. ఆయనకు వలసినది నిజముగా మాత్రయేనా?

ఏండ్ల తరబడి పట్టాల వెంట నడచిన కాళ్ళు హఠాత్తుగా అరుగుమీది కుర్చీకి పరిమితమయ్యెను. కంచములోని అన్నము మాత్రము తగ్గలేదు. దేహము ఆహారమును శక్తిగా మార్చుకొను వ్యాపారమునకు జీవక్రియ యని పేరు. నడివయస్సుననే అది మందగించునని మన మనుకొందుము. కాని 29 దేశములలో 6,400 మందికి పైగా పరీక్షించి 2021లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, దేహ పరిమాణమును లెక్కలోనికి తీసికొన్నచో, ఇరువది మొదలు అరువది యేండ్లవరకు అది ఇంచుమించు నిలుకడగనే యుండును; పిమ్మట ఏటేట నూటికి 0.7 వంతున తగ్గును. నడివయస్సున బలము తరుగుటకు చాలవరకు కారణము పని చేయని కండరములు క్షీణించుటయే.

కండరమున శక్తి ఎట్లు నిలువయుండునో కనుగొన్న వారిలో ప్రముఖుడు మన తెలుగువాడే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు యౌవనమున రామకృష్ణ మఠమున సన్న్యసింపగోరిరి. వైద్యము నేర్చి ప్రజాసేవ చేయుమని పెద్దలు హితవు పలికిరి. వారి సోదరు లిరువురు స్ప్రూ అను జీర్ణవ్యాధిచే మరణించిరి. అమెరికాలో ఫిస్కేతో కలిసి వారు 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును వెల్లడించిరి. మనము కుర్చీనుండి లేచిన ప్రతిసారియు తొలి క్షణముల బలము నొసగునది ఈ జంటయే. 1945 నాటికి వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ రోగులకు ఉపకరించెను.

ఈ కథలోనే మనకు ఒక హెచ్చరిక గలదు. రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము దివ్యౌషధమని తలచిన వైద్యులు కొందరు రోగులలో ఒక వింతను గమనించిరి. రక్తము బాగుపడుచున్నను నాడులు చెడుచునే యుండెను. వారికి కొరవడినది మరియొకటి: సుబ్బారావుగారు మరణించిన 1948లోనే శుద్ధరూపమున లభించిన బి 12 విటమిను. లోటు నెరుంగక మాత్ర మ్రింగిన, అసలు వ్యాధి మరుగుపడి ముదురును.

వృద్ధులలో ఈ లోటు అరుదు కాదు. వయస్సుతో జీర్ణాశయమున ఆమ్లము తగ్గి, ఆహారములోని బి 12 సరిగా గ్రహింపబడదు. శుద్ధ శాకాహారులకును, మధుమేహమునకై మెట్‌ఫార్మిన్ చిరకాలము వాడువారికిని ప్రమాద మధికము. అరికాళ్ళ తిమ్మిరి, నడకలో తూలుట, మతిమరుపు కనబడినచో ముసలితనమని సరిపెట్టుకొనక రక్తపరీక్ష చేయించుకొనవలెను. లోటు తేలినచో మాత్రగాని సూదిమందుగాని అమృతతుల్యము. డి విటమిను విషయమున మరింత జాగ్రత్త వలయును. మితిమీరినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములకు హాని కలుగును.

క్రియాటిను పొడియు నేడు అంగళ్ళలో లభించుచున్నది. బరువులెత్తు వ్యాయామముతో కూడ సేవించిన వృద్ధులలో బలము కొంత పెరుగునని పరీక్షలు తెలుపుచున్నవి. వ్యాయామము లేనిచో ఫలము స్వల్పము. మూత్రపిండ వ్యాధి గలవారు వైద్యుని యడుగక దానిని ముట్టరాదు.

కావున వ్యాయామమే ప్రధానము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వృద్ధులకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల చురుకైన నడకను, కనీసము రెండు దినములు కండరములకు బలము నిచ్చు శ్రమను, మూడు దినములు తూలకుండ నిలుచు అభ్యాసమును విధించెను. దీనికి వ్యాయామశాల అక్కరలేదు. చేతుల ఊత లేక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుట, గోడ నానుకొని చేతులతో నెట్టుట, మెట్లెక్కుట చాలును. హృద్రోగము, కీళ్ళనొప్పులు గలవారు వైద్యుని సలహాతో మెల్లగా ఆరంభింపవలెను.

ఆహారమున అన్నము కొంత తగ్గించి పప్పు, పెరుగు పెంచవలెను. మన తాతలు త్రాగిన చోడి అంబలి, ఉలవచారు వీనికి తోడైన మరియు మేలు. మాంసాహారులకు చేప, గ్రుడ్డు గలవు. మాంసకృత్తులను ఒక్క పూటనే గాక మూడు పూటలకు పంచుకొనుట మంచిది.

తెలిపారా దుకాణమున నిలిచిన ఆ పెద్దకు మనము చెప్పదగిన దిదియే: అయ్యా, మొదట పరీక్ష చేయించుకొనుడు, లోటున్నచో మాత్ర పుచ్చుకొనుడు, ఉన్నను లేకున్నను రేపు తెల్లవారగనే నడచుడు. మాత్ర లోటును పూడ్చును గాని, మీకు మారుగా నడవజాలదు.