పాత అంబాసిడర్‌కు పానాలు ఎక్కడ?

ప్రశ్న: నాన్నగారి 1978 మోడల్ అంబాసిడర్ మా దగ్గరుంది. కొత్తగా కొన్న పానాల సెట్టు నట్లకు సరిగా పట్టడం లేదు. పాత సైజులు అడిగితే షాపులో లేవంటున్నారు. ఏం చేయాలి? – ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: మీ పానాల్లో లోపం లేదండీ, కొలతల్లోనే తేడా ఉంది. అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. అందుకే నట్లు అంగుళాల లెక్కలో ఉంటాయి. ఇప్పటి సెట్లు ఎక్కువగా మిల్లీమీటర్లలోనే. అర అంగుళమంటే 12.7 మి.మీ. దానికి 13 పానా వేసి బలంగా తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. 9/16 నట్టుకు 14 ఎక్కదు, 15 వదులు.

2014లో ఈ కారు తయారీ ఆగిపోయింది. గిరాకీ తగ్గాక షాపులవాళ్లు ఈ సైజుల పానాలు తెప్పించడం మానేశారు. అయినా అంగుళాల పానాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. ‘ఏఎఫ్ సైజులు’ (నట్టు ఎదురెదురు పక్కల మధ్య కొలత) అని అడగండి. 7/16, 1/2, 9/16 రింగు పానాలు ముందు కొనండి, ఎక్కువ పని వాటితోనే. ఇక డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ చూడటానికి ఫీలర్ గేజ్ తప్పనిసరి.

చక్రాల హబ్‌ను ఊడదీసే హబ్ పుల్లర్ లాంటివి దొరకడం కష్టం. విజయవాడ ఆటోనగర్‌లో పాత మెకానిక్‌లను వాకబు చేయండి. పని మానేసినవాళ్లు తమ పాత పనిముట్లు అమ్మవచ్చు. లేదంటే హబ్ కొలతలిచ్చి లేత్ షాపులో చేయించుకోండి. హబ్‌ను సుత్తితో మాత్రం కొట్టకండి, బేరింగ్ దెబ్బతింటుంది.